పాత బ్యారన్‌లో సీతమ్మ పద్యం

మా ఊరి చివర పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన పోయేవాళ్ళు బండి స్లో చెయ్యరు. హారన్ కూడా కొట్టరు... లోపల ఉన్నదానికి వినపడుద్దని.

ముందు చూసింది అల్లాబక్షు మామంట. మిరప కళ్ళానికి కాపలా పోతా ఉంటే బ్యారన్ సందుల్లోంచి వెలుగు. గోడ మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి నీడ. పాడతా ఉందంట... సీతమ్మ పద్యం. లంకలో కూర్చుని ఏడ్చే పద్యం.

"మీ తాత ఆడించిన సీతేరా అది," అన్నాడు నాతో. "అచ్చం అదే రాగం."

అదెందుకొచ్చిందో నాకు తెలుసు కదా.

మాది తోలుబొమ్మలాడించే ఇల్లు. మా తాత రంగయ్యతో ఆట ఆగిపోయింది. నేను ఏడో తరగతిలో బడి మానేసి, ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో నైట్ డ్యూటీకి పోతన్నా, మిరపకాయల టిక్కీ బస్తాలు మొయ్యటానికి.

మాలో ఆటగాడు పోతే, ఆయన చేతిలో ఎక్కువ ఆడిన బొమ్మని పదకొండో రోజు ఏట్లో కలపాలి. కలిపిందాకా మనిషి పూర్తిగా పోనట్టే. మొన్నామధ్య తాత పోయాడు. ఆయనకి సీతమ్మ. మిగతా బొమ్మలన్నీ ఎప్పుడో ఎలుకలు కొట్టేస్తే అదొక్కటే మిగిలింది. మా నాయనమ్మకి చూపు ఆనదు, ఏటిదాకా నడవలేదు. బొమ్మని పసుపు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

"ముంచి, అడుక్కి పోయిందాకా చూసి రా నాయనా."

అప్పటికి నాలుగు రోజుల ముందు సౌజన్య గారు వచ్చారు. గుంటూర్లో నాటకాల చదువు, ఆనర్స్ ఆఖరి ఏడాది. మా బొమ్మలాట మీద థీసిస్ రాస్తన్నారు.

"నిజంగా ఆటలో ఆడిన బొమ్మ ఒక్కటన్నా తెచ్చి చూపించకపోతే మా సార్ సంతకం పెట్టరు వేణూ. నా ఏడాది పోద్ది," అన్నారు.

నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను చెప్పిందల్లా పుస్తకంలో రాసుకున్నారు. నేను చెప్పేది రాసుకున్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

ఏటిదాకా పోయా. ఒడ్డున చాలాసేపు నిలబడ్డా... గుడ్డ విప్పలా. అట్నుంచి అటే బస్టాండుకి పోయి ఆవిడకిచ్చేశా. ఇది ఎవరికీ అక్కర్లేని బొమ్మండి అని చెప్పా. ఇంటికొచ్చి, "కలిపేశా నాయనమ్మా" అన్నా.

నాయనమ్మ నా తల నిమిరింది.

నెల తిరక్కుండానే బ్యారన్ మాట మొదలైంది. అది సౌజన్య గారి చెవిన కూడా పడింది. ఆ పాట రికార్డ్ చేసుకుంటానని వచ్చారు. తెల్లారి సార్‌కి చూపించాలని బొమ్మ కూడా వెంటే ఉంది — పొడుగాటి గొట్టంలో, భుజానికి తగిలించుకుని. నేను డ్యూటీ ఎగ్గొట్టా.

రాత్రి ఎనిమిదింటికి పత్తి చేలో పడి నడిచాం. గాలి లేదు. కుక్క కూడా మొరగలా. బ్యారన్ దగ్గరపడే కొద్దీ నేను ఎనకపడతన్నా...

వెలుగు కనపడింది. తర్వాత నీడ. తర్వాత ఆ గొంతు — సన్నగా, తెగిపోతా.

సౌజన్య గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఎవరు వేణూ?"

"సీతమ్మండి."

"ఏ సీతమ్మ?"

"మీ భుజాన ఉన్నావిడ..."

అప్పుడు చెప్పా. గుసగుసగా, తల దించుకుని, అంతా చెప్పా. ఆవిడ నా చెయ్యి వదిలేశారు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బొమ్మ తీసుకోరు కదండి. ఇక రారు కదండి."

లోపల పాట ఆగిపోయింది.

ఆ తర్వాత, లోపల్నుంచి —

"వేణూ... నువ్వేనా?"

సౌజన్య గారే తలుపు తోశారు.

ఒక పాత పంచె తెరలాగా కట్టుంది. దాని ఎనక దీపం. దీపం దగ్గర, తలంటుకున్న తెల్ల జుట్టు ఆరబోసుకుని... మా నాయనమ్మ.

"నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదంటరా?" అంది.

"నువ్వా? ఇక్కడేం చేస్తన్నావ్?"

"ఇంట్లో తెర కట్టే చోటేదిరా. ఇదేం ఏరంత దూరమా, నువ్వు డ్యూటీకి పోయాక గట్టు పట్టుకుని వస్తన్నా. మీ తాత రోజూ కల్లోకొస్తన్నాడు. నాలిక ఆరిపోతందే మల్లీ, ఒంటికి నీళ్ళు తగల్లేదే అంటన్నాడు. బొమ్మని సాగనంపేటప్పుడు నేను పాడిన పద్యంలో ఏదో తప్పు పోయుంటది. అందుకే మళ్ళీ పాడతన్నా. నువ్వు కలిపే వచ్చావు కదా... ఇంక తప్పు నాదే."

నేను గొట్టం వైపు చూశా.

సౌజన్య గారు భుజాన గొట్టం దించారు.

"రేపు మీ సార్..." అన్నా.

"ఉండు వేణూ." పసుపు గుడ్డ బయటికి లాగి, మెల్లగా నాయనమ్మ ఒళ్ళో పెట్టారు.

నాయనమ్మ గుడ్డ విప్పింది. వేళ్ళతో జడ తడిమింది, బుగ్గ తడిమింది, చీర అంచు కింద దాకా తడిమింది. మళ్ళీ మొదట్నుంచి తడిమింది. తిడతదనుకున్నా. కొడితే బాగుణ్ణనుకున్నా. బొమ్మని తీసుకుని చెంపకి ఆనించుకుంది...

"ఇది తడవలేదేరా," అంది.