మూడో వంతెన కింద ఆవిడ

అమెరికాలో ఎడారి ఊరు టూసాన్‌లో సైకిలు తొక్కేవాళ్ళని ఎవర్నైనా అడగండి. ఏ దారైనా చెబుతారు గానీ, చీకట్లో మూడో వంతెన కిందనుంచి వెళ్ళమని మాత్రం చెప్పరు...

శాంతా క్రూజ్ నది ఒడ్డు వెంట మైళ్ళ కొద్దీ సైకిలు దారి ఉంది. నున్నటి దారి, లారీల గొడవ లేదు. పైన రోడ్డు అడ్డం వచ్చిన చోటల్లా దారి వంతెన కిందికి దిగి అవతల మళ్ళీ పైకి లేస్తుంది. మొదటి వంతెన మంచిదే. రెండోదాని కింద గబ్బిలాలు, వాటితో ఎవరికీ పేచీ లేదు. మూడోదాని కింద మాత్రం... ఆవిడ ఉంటుంది.

ఆవిడెవరో అక్కడ పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ఎప్పుడో తన పిల్లల్ని నదిలో పోగొట్టుకుంది. అప్పట్నుంచీ తడి బట్టలతో, ఏడుస్తూ, నది వెంటే తిరుగుతోంది. ఎవరి పిల్లలు కనపడినా తనవాళ్ళే అనుకుని చెయ్యి చాస్తుంది. ఆ నదిలో ఏడాదికి పట్టుమని పది రోజులు నీళ్ళుండవు, ఆవిడ బట్టలింకా ఎలా తడిగా ఉన్నాయని అడిగిన మనిషి లేడు.

జూన్ నెలలో పగలు సైకిలెక్కితే మాడు పేలిపోతుంది. అందుకని అక్కడ సైకిలు సరదా అంతా తెల్లారకముందే. మూడున్నరకి బయల్దేరి, ఐదున్నరకల్లా బేకరీ దగ్గర చేరి, కాఫీలో తీపి రొట్టెలు ముంచుకు తినే గుంపు ఒకటుంది. తొమ్మిది మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళకి ముందు నడిచేది అంపారో. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టి రిటైరైన మనిషి. ఆవిడ వెనకాల రెండో సైకిలు ఎప్పుడూ కూకోదే.

కూకో ఒకప్పుడు పోస్ట్‌మన్. భార్య పోయి ఆరేళ్ళయింది. వీధికుక్కలకి తప్ప దేనికీ భయపడనని చెప్పుకుంటాడు. అంపారో అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి గుంపులో అందరికీ తెలుసు, అంపారోకి చెప్పే ధైర్యం మాత్రం అతనికి లేదు. కుక్కల తర్వాత అతను భయపడేది అంపారోకే.

రెండు వారాల కిందట ఒకరోజు అంపారో అందరికంటే ముందు ఒంటరిగా బయల్దేరింది. బేకరీకి వచ్చేసరికి మొహంలో నెత్తుటిచుక్క లేదు. మూడో వంతెన దగ్గర ఏదో పిలిచిందంది, ఏదో తాకిందంది. అంతకుమించి పెదవి విప్పలేదు. గుంపులో ఆవిడ పక్కన కూర్చునే చాయో అందరి తరఫునా తానే సిలువ గుర్తు వేసుకుంది.

ఆ రోజునుంచీ అందరూ వంతెన కింద దారి మానేసి పైన రోడ్డెక్కారు, లారీల మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని. అంపారో అసలు సైకిలే మానేసింది. బేకరీకి కారులో వచ్చి, ఒక కాఫీ తాగి వెళ్ళిపోతోంది.

కూకోకి సైకిలంటే విసుగు పుట్టింది. ముందు అంపారో లేకపోతే ఆ దారిలో చెమట తప్ప ఇంకేమీ లేదు.

గురువారం పొద్దున బేకరీలో ఉండబట్టలేక నోరు జారాడు. దెయ్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదన్నాడు. రేపు రెండున్నరకే ఒంటరిగా వెళ్ళి ఆ వంతెన కింద కొవ్వొత్తి వెలిగిస్తానని, మిగతావాళ్ళు పైన రోడ్డు మీంచి చూసుకోవచ్చనీ అన్నాడు.

"వెలిగిస్తే సరిపోదు దోన్ కూకో" అంది చాయో, పేరుకి ముందు ఆ మర్యాద మాట కావాలనే తగిలించి. "వచ్చి ఆవిడ ఉందో లేదో మీ నోటితో చెప్పాలి. మీరేం చెబితే అదే మాకు ఆఖరు మాట."

కూకో మీసం దువ్వుకున్నాడు. లేదని ఒక్క మాట చెబితే చాలు, అంపారో మళ్ళీ సైకిలెక్కుతుంది. అంపారో తలెత్తకుండా కాఫీ కలుపుతూనే ఉంది.

శుక్రవారం రెండున్నర. నేలలోంచి ఇంకా నిన్నటి వేడి తన్నుకొస్తోంది. చంద్రుడు లేడు... ఎక్కడో ఇసుకలో నక్క ఒకటి అరిచి ఊరుకుంది.

మొదటి వంతెన దాటేటప్పుడు కూకో ఈల వేస్తున్నాడు. రెండో వంతెన దగ్గర ఈల ఆగింది, గబ్బిలాలకి నిద్రాభంగం ఎందుకని. మూడో వంతెన కనపడేసరికి నోట్లో తడి ఆరిపోయింది.

దిగాడు. దారి పక్క గడ్డిలోంచి సైకిలు నడిపించుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాడు. గాజు గ్లాసులో కొవ్వొత్తి, దాని మీద మేరీమాత బొమ్మ. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోది విరిగింది. మూడోది వెలిగింది...

గోడ మీద పెద్ద నీడ లేచి నిలబడింది. అది తనదేనని తేల్చుకోవడానికి కూకోకి కొంచెం సేపు పట్టింది. చెయ్యెత్తి చూసుకుంటే గానీ నమ్మకం కుదరలేదు.

పని అయిపోయింది. ఏమీ లేదు. లేదు కాక లేదు. సైకిలెక్కి తొక్కాడు, చక్రం ఒక చుట్టు తిరిగిందో లేదో —

స్స్...

వెనకనుంచి. చాలా దగ్గరగా.

స్స్... స్స్...

ఎవరో పళ్ళ సందునుంచి మెల్లగా పిలుస్తున్నారు. కూకో వెనక్కి తిరగలేదు. తిరిగి చూసినవాళ్ళ గతి ఏమైందో చిన్నప్పుడు వాళ్ళమ్మమ్మ బాగా చెప్పింది. గట్టిగా తొక్కాడు.

స్స్ — స్స్ — స్స్ —

అదీ గట్టిగా వస్తోంది. కాళ్ళు పట్టేసి వేగం తగ్గితే అదీ తగ్గుతోంది, తొందరేమీ లేదన్నట్టు. అప్పుడు తగిలింది వీపు మీద... చల్లగా, తడిగా. ఒక వేలి కొసలా. నడుము దగ్గర మొదలై మెడ దాకా పాకింది.

మూడు నెలలుగా చుక్క వాన లేదు. నదిలో ఉన్నదంతా ఇసుక. తడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"అమ్మా" అన్నాడు కూకో, గుసగుసగా. "నా పిల్లలు ఇక్కడ లేరమ్మా. ఫీనిక్స్‌లో ఉంటారు. ఒకడికి నలభై రెండు, ఇంకొకడికి నలభై. ఇద్దరికీ బట్టతల. నీకు పనికిరారమ్మా."

స్స్ — స్స్ — స్స్ —

ప్రార్థన ఎత్తుకుంటే సగంలో మరిచిపోయాడు. మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంటే ఈసారి పాతికేళ్ళు ఉత్తరాలు పంచిన వీధుల పేర్లు వరసగా వచ్చాయి. అవే భక్తిగా చదువుకుంటూ తొక్కాడు. పిలుపు కొంతదూరం వెంట వచ్చి, నీరసించి... నీరసించి... ఆగిపోయింది.

అరవై మూడేళ్ళ కూకో ఆ రాత్రి తొక్కిన వేగం ముందూ తొక్కలేదు, తర్వాతా తొక్కలేదు. బేకరీ తలుపులింకా తెరవలేదు. మెట్ల మీద కూలబడి, వీపు గోడకి ఆనించి, అందరూ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

ఐదున్నరకి గుంపు దిగింది. కొవ్వొత్తి వెలుగుతోంది, పైనుంచి అందరమూ చూశామని చెప్పుకుంటూ వచ్చారు. లేచి నిలబడ్డ కూకో మొహం చూసి మాట ఆపేశారు. అప్పుడే కారు దిగిన అంపారో మాత్రం అతని మొహం చూడలేదు, నేరుగా వెనక్కి వెళ్ళి వీపు చూసింది. నల్ల చొక్కా మీద నడుమునుంచి మెడ దాకా తెల్లటి చుక్కల చార.

"మీరంతా లోపలికి పదండి. ఈయన కాస్త గాలి పీల్చుకుని వస్తాడు" అంది.

వాళ్ళు వెళ్ళాక అతని సైకిలు వెనక చక్రాన్ని మెల్లగా తిప్పింది. ఒకచోట ఆపి గోటితో చూపించింది. టైరులో దిగబడి ఒక పల్లేరు కాయ, దాని చుట్టూ గడ్డకట్టిన తెల్లటి ముద్ద.

కిందటి నెల సైకిలు దుకాణం నడిపే ఫీతో అనే అతను ఇద్దరికీ ట్యూబులు పీకేసి కొత్త టైర్లు వేశాడు. అంపారో వేయించుకుందని కూకో కూడా వేయించుకున్నాడు. వాటిలో పాలలాంటి మందు పోస్తారు. ముల్లు దిగితే ఆ మందు చిల్లులోంచి చిమ్మి, కాసేపటికి గడ్డకట్టి, చిల్లు దానంతటదే పూడుకుపోతుంది. ఆ కాసేపూ చక్రం తిరిగినప్పుడల్లా స్స్‌మంటుంది, వీపంతా తడుపుతుంది. జన్మంతా ట్యూబులకి అతుకులు వేసుకున్నవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వంతెన కింద గోడ పక్కన పెరిగిందంతా పల్లేరే.

"నా చొక్కా మీద కూడా ఇవే చుక్కలు" అంది అంపారో, తల దించుకుని. "బుధవారం ఫీతో నా చక్రం విప్పి చూపించాడు."

కూకో గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "బుధవారమే తెలుసా? మరి నిన్న నేను వెళ్తానంటే ఎందుకూరుకున్నారు?"

"నువ్వు నిజంగా వెళ్తావనుకోలేదు."

నాలుగేళ్ళ పరిచయంలో ఆవిడ అతన్ని నువ్వనడం అదే మొదలు. కూకోకి రాత్రి వీపు మీద పాకినదానికంటే ఇదే ఎక్కువ వణుకు పుట్టించింది.

"అందర్నీ రెండు వారాలు లారీల కింద తోశాను కూకో. పల్లేరు కాయకి జడిసి పరిగెత్తానని చాయోకి తెలిసిందంటే, రేపు నా శవపేటిక పక్కన నిలబడి కూడా చెప్పుకుని నవ్వుతుంది. నేనింక ఈ గుంపులోకి ఏ మొహంతో రాను?"

ఇద్దరూ లోపలికి వెళ్ళేసరికి కాఫీ వాసన. అందరూ బల్ల చుట్టూ కూర్చుని తలుపు వంకే చూస్తున్నారు. లేదని ఒక్క మాట చెబితే ఆ పూటకి కూకోని మించిన మొనగాడు లేడు. కానీ వెంటనే చాయో అడుగుతుంది, మరి అంపారో దేనికి భయపడిందని. కూకో అంపారోని చూశాడు. ఆవిడ కాఫీలో చెంచా తిప్పుతోంది. చక్కెర వేసుకోవడం మరిచిపోయింది.

"చెప్పండి దోన్ కూకో" అంది చాయో. "ఉందా, లేదా?"

కూకో నిన్న దువ్వుకున్న మీసాన్ని ఈసారి ముట్టుకోలేదు.

"ఉంది" అన్నాడు.

బల్ల చుట్టూ చేతులన్నీ సిలువ గుర్తు వేసుకున్నాయి. చెంచా తిరగడం ఆగింది.

"కళ్ళారా చూశారా?"

"చూడలేదు. మాట్లాడాను." కూకో గొంతు తగ్గించాడు. "మనిషి చెడ్డది కాదు. అలిసిపోయి ఉంది. ఒంటరిగా వచ్చేవాళ్ళని చూస్తేనే ఆవిడకి దుఃఖం పొర్లుకొస్తుందట, ఆపుకోలేక వెంటపడుతుందట. ఇద్దరిద్దరు కలిసి వెళ్తే జోలికి రానని మాటిచ్చింది."

అందరూ ఒకరి వంక ఒకరు చూసుకుని జతలు కుదుర్చుకోవడం మొదలుపెట్టారు. తొమ్మిది మందిలో ఒకరు మిగిలిపోతారని చాయో మాత్రం అప్పుడే వేళ్ళు ముడుస్తోంది.

అంపారో కప్పు కింద పెట్టింది. మొహమంతా ఎర్రబడింది, నవ్వు ఆపుకోవడానికి నానా అవస్థా పడుతోంది.

"నేను కూకోతో వెళ్తాను" అని అతని వైపు తిరిగింది. "రేపు మూడున్నరకి. చెబుతున్నాను, ఒక్క నిమిషం ఆలస్యమైనా నీకోసం ఆగను. ఒక్కదాన్నే వెళ్ళిపోతాను."

కాఫీలో ముంచిన రొట్టె చాయో నోటి దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.