కాంట మీద కాలు

ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా అరవై రెండు కిలోలు తూగింది.

రాకేశ్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కాంట మీద ఎర్ర అంకెలు అక్కడే నిలబడి వెలుగుతున్నాయి. నస్పూర్‌లోని హనుమండ్లు సేటు బియ్యం దుకాణానికి అతను రావడం అదే మొదలు.

"గిదేం మోసం? మీ కాంట ఖరాబయింది!" అని అరిచాడు. దుకాణంలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు.

గల్లా బల్ల వెనక కూర్చున్న అమ్మాయి మాత్రం కంగారు పడలేదు. ఆమె హనుమండ్లు కూతురు రోజారాణి. పెన్ను పక్కన పెట్టి, మెడ చాచి కిందికి చూసింది.

"అన్నా, జర కాలు తియ్యి."

అంకెలు చూడాలన్న ఆత్రంలో ముందుకు వంగి, కాంట రేకు మీద కుడికాలు మోపి నిలబడ్డాడు రాకేశ్. కాలు తీశాడు. ఇరవై అయిదు!

దుకాణమంతా నవ్వింది.

"ఒక్క కాలే ముప్ఫై ఏడు కిలోలా! బస్తా దించి రెండోది గూడ పెట్టు, చూద్దాం," అంది రోజారాణి.

రోషంతో ఎక్కాడు. తొంభై ఎనిమిది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"మొన్న డాక్టర్ దగ్గర తొంభై నాలుగే ఉండె," అన్నాడు నెమ్మదిగా.

"మొన్నంటే ఎప్పుడు?"

"పోయిన బతుకమ్మకు."

"ఆరు నెలలాయె గదా!"

"షుగర్ బార్డర్ల ఉందన్నడు. ఎనభైకి దిగకుంటే గోలీలు మొదలువెట్టాలెనట. మా బాపుకు గట్లనే మొదలైంది. ఆఖరికి కాలివేలు తీసేసిన్రు."

రోజారాణి ముఖంలో నవ్వు పోయింది.

"జిమ్‌కు పోరాదు?"

"మూడు నెలలకు పేరు రాయించుకున్న. నాలుగు రోజులు పోయిన. ఐదోరోజు మంచం లేవనియ్యలే."

బయట ఉన్న అతని బండి వంక చూసిందామె. "ఇల్లెక్కడ?"

"కాలనీ చివర. కిలోమీటరున్నర ఉంటది."

"రేపటి సంది బండి బంద్. నడిచి రా. ఆరున్నరకు షట్టర్ తీస్త. మొఖం చూపిచ్చి, మళ్ళ నడిచి పో. తూకం ఆదివారమే. ఒక్కరోజు తప్పినా ఆ వారం కాంట ఎక్కనియ్య."

"గింతేనా? డైట్ ప్లాన్, ప్రొటీన్ పౌడర్..."

"పొద్దుగూకితే మిర్చి బజ్జీలు తినకు. రోజు నడువు. గంతే."

రాకేశ్ పనిచేసేది ఆన్‌లైన్ సెంటర్‌లో. ఉదయం నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. అలాంటివాడికి ఒక బియ్యం దుకాణం పిల్ల ఆరోగ్యం నేర్పుతోంది! పౌరుషం వచ్చింది.

"ఎనభై వచ్చిన్నాడు మీ కాంటకు దండం వెట్టి పోత. మళ్ళ గిటు దిక్కు చూస్తే ఒట్టు!"

నోటికి వచ్చింది అనేశాడు. ఆ అమ్మాయి మాటలు మరిచిపోయే రకం కాదని అప్పుడతనికి తెలియదు.

మొదటి ఆదివారం కాంట ఎక్కి అదిరిపడ్డాడు. తొంభై ఎనిమిదిన్నర.

"వారమంతా నడిస్తే పెరిగిన్నా?"

"వారానికే తెల్వదు. రేపు రా," అంది ఆమె తల ఎత్తకుండా.

మొదట్లో దారిలో మూడుచోట్ల ఆగేవాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర, కల్వర్టు మీద, చాయ్ బండి పక్కన. నెల తిరిగేసరికి కల్వర్టు దగ్గర కూర్చోవడం మానేశాడు. ఇంకో నెలకు, అతన్ని చూడగానే స్టూలు జరిపే చాయ్ బండాయన స్టూలు జరపడం మానేశాడు.

ఆషాఢంలో ఒకరోజు కుండపోత. షట్టర్ ముందు నీళ్ళోడుతూ నిలబడ్డ రాకేశ్‌ను చూసి రోజారాణి చేతిలోని చీపురు జారిపోయింది.

"గింత వానల ఎట్లొచ్చినవ్?"

"తప్పితే కాంట ఎక్కనియ్యవు గదా."

ఆమె ఒక గోనెసంచిని వానకు కప్పుకునే కొప్పెరలా మడిచి అతని నెత్తిన పెట్టింది. ఇంటిదాకా తవుడు వాసన. ఆ వాసన ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించి అతనే ఆశ్చర్యపోయాడు.

ఎనభై తొమ్మిదికి వచ్చాక ఇంకొకటి గమనించాడు. ఆమె తనను "అన్నా" అని పిలవడం మానేసి చాలా రోజులైంది.

ఆరోజే మనసులో గట్టిగా అనుకున్నాడు. ఎనభై రాగానే అడగాలి. ముందుగా మాత్రం కాదు. నలుగురిలో ఒప్పుకున్న అంకె అది. చేరకుండా ఆమె ముందు నోరు విప్పకూడదు.

కానీ అంకె ఎనభై మూడు దగ్గర ఆగిపోయింది. ఒక వారం కాదు, ఐదు వారాలు.

"కదలకు! అంకె నిలబడ్తలేదు," అని కసిరేది రోజారాణి. నిలబడ్డాక చూస్తే మళ్ళీ ఎనభై మూడే.

ఇంట్లో తల్లి కిష్టవ్వ గొడవ వేరు. "మొన్ననే గదరా ప్యాంటు నడుము కుట్టిచ్చిన? మల్ల జారుతుందేంది?"

ప్యాంటు జారుతోంది, కాంట కదలడం లేదు. సాయంత్రం కూడా నడిచాడు. రాత్రి ఒక్క రొట్టెతో సరిపెట్టాడు. అయినా అంతే!

ఒక శనివారం పొద్దున హనుమండ్లు చల్లగా కబురు చెప్పాడు. "రేపు దినమంతా దుకాణం బందే రాకేశ్. నీ తూకానికైతే షట్టర్ తీస్తం. పదకొండింటికి లక్సెట్టిపేట నుంచి మా బిడ్డను చూడ వస్తున్నరు. పిలగాడు దుబాయిల ఉంటడు."

రాకేశ్ గిర్రున తిరిగాడు. రోజారాణి వైపు చూశాడు. ఆమె తలవంచి పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. పెన్నుకు మూత అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం షుగర్ పరీక్షకు మంచిర్యాల వెళ్ళాడు. నర్సు బరువు మిషన్ ఎక్కమంది. డెబ్బై తొమ్మిది!

"సిస్టర్, మీ మిషన్ ఖరాబయింది."

"పొద్దటిసంది ముప్ఫైమంది ఎక్కిన్రు. తక్కువొచ్చిందని కొట్లాడేటోన్ని నిన్నే చూసిన."

దిగాడు, ఎక్కాడు. డెబ్బై తొమ్మిదే. షుగర్ కూడా నార్మల్.

ఆదివారం ముసురు. గొడుగుతో దుకాణంలోకి వస్తూనే అన్నాడు. "సేటు, మీ కాంట తప్పు."

దేవుని పటం ముందు అగర్‌బత్తి తిప్పుతున్న హనుమండ్లు చెయ్యి ఆగిపోయింది. గల్లా బల్ల వెనక రోజారాణి పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ముప్ఫై ఏండ్ల దుకాణం. ఏటేటా సర్కారు ముద్ర ఏయించే కాంట. జర సోంచాయించి మాట్లాడు."

అగర్‌బత్తి చేతిలో ఉండగానే, రెండో చేత్తో విప్పని బస్తా ఈడ్చి కాంట మీద వేశాడు. ఇరవై అయిదు.

బస్తా దించాడు. "ఇప్పుడు నువ్వెక్కు."

ఎనభై మూడు. రాకేశ్‌కు మతిపోయింది. తడిసిన గొడుగు చేతిలోంచి జారి పడింది. కాంట మీదే నిలబడి తీసుకోవడానికి వంగాడు.

కాంట రేకు ఒక అంచు గల్లా బల్ల కిందికి పోయి ఉంటుంది. ఆ అంచు మీద ఒక పాదం. వేళ్ళకు గోరింటాకు, చీలమండకు వెండి పట్టీ. రేకును గట్టిగా అదిమి పట్టింది.

వంగినవాడు లేవడం లేదేమని హనుమండ్లు కూడా వంగాడు. ఇద్దరు మగవాళ్ళు నోరు తెరిచి ఆ పాదాన్ని చూస్తూ ఉండిపోయారు. పాదం మెల్లగా వెనక్కి జరిగింది.

పైన అంకెలు మారాయి. డెబ్బై తొమ్మిది.

"రోజా!" హనుమండ్లు లేచి నిలబడ్డాడు. "నా కాంట మీద నువ్వు... గిరాకీలకు గూడ గిట్లనే చేసినవా?"

"లేదు బాపు, నీ మీద ఒట్టు! గీయన ఒక్కనికే. ఐదు ఆదివారాలే."

"ఎందుకే?"

ఆమె కళ్ళలో నీళ్ళు. కోపమంతా రాకేశ్ మీద చూపింది. "ఎనభై వస్తే దండం వెట్టి పోత, మళ్ళ రానన్నడు. మొదటిరోజే అన్నడు."

"నేనా?" రాకేశ్ బిత్తరపోయాడు. "ఎనభై వస్తే నిన్ను అడుగుదామని రెండు పూటల నడుస్తున్న! ఒక్క రొట్టె తిని పంటున్న!"

"ఏమని అడుగుదామని?"

"గదే... అడుగుదామని."

"ఏమని?"

"నన్ను చేసుకుంటవా అని!"

అగర్‌బత్తి నుసి చేతి మీద రాలి హనుమండ్లు ఉలిక్కిపడ్డాడు. పక్కనున్న బస్తా మీద కూలబడి కూతురి వైపు చూశాడు.

"చేసుకుంటవా బిడ్డా?"

ఆమె తల ఊపింది.

"లక్సెట్టిపేటోళ్ళకు ఏమని చెప్పాలె ఇప్పుడు?" అని తనలో తనే గొణుక్కుని రాకేశ్ వైపు తిరిగాడు. "సాయంత్రం మీ అవ్వను తోలుకరా. కూసోని మాట్లాడుదాం. గాని ముందు శిక్ష. ముప్ఫై ఏండ్లల నా కాంట మీద గిట్ల ఎవ్వరు చెయ్యలే. రోజా, నెలరోజులు రోజు పొద్దున నువ్వు గూడ వీనితోని నడువాలె."

రోజారాణి బుద్ధిగా తల వంచింది. పెదవుల చివర నవ్వు మాత్రం దాగలేదు.

"గంత పెద్ద తప్పుకు నెలేనా, మామా?" అన్నాడు రాకేశ్.

ఇందాక వచ్చినప్పుడు కూడా "సేటు" అన్నవాడే. హనుమండ్లు కళ్ళు పెద్దవి చేసి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ముందుగాల నా కాంట మీదికెల్లి దిగు, అల్లుడా."