నేతి గరిటె

అంగారకుడి మీద కొత్త మండపేటలో ఎవరైనా పేరు దాచుకుని మాట్లాడాలంటే ముసుగుబాట ఎక్కాల్సిందే. అందులో మాటకి ఉల్లిపాయలా పొరలు చుట్టి పంపుతారు. దారిలో ఒక్కో మజిలీ యంత్రం ఒక్కో పొర వలుస్తుంది. మాట చేరుతుంది గానీ పంపిందెవరో ఆ బ్రహ్మదేవుడికీ తెలియదు. చిక్కల్లా ఒక్కటే. గోడ అవతలికి చేరడానికి కూడా రెండు గంటలు పట్టేది!

మజిలీ కేంద్రంలో శాస్త్రవేత్తలిద్దరు, గున్నేశ్వరరావు, తాతారావు. తోడల్లుళ్లు. వీపులు ఆనించినట్టు కూర్చుంటారు, మాటల్లేవు. భూమ్మీద మరదలి పెళ్లిలో వడ్డన పెత్తనం తాతారావుది. నేతి గరిటె ఎవరికీ ఇవ్వలేదు. బూరెకి బెజ్జం పెట్టుకుని పెద్దల్లుడు గున్నేశ్వరరావు ఎదురుచూస్తుండగానే బంతి లేచిపోయింది. ఆ కోపం అంగారకుడి దాకా వచ్చింది.

తాతారావుకి ఉన్న తోడల్లా ముసుగుబాటలో ఊరూ పేరూ తెలియని ఓ మిత్రుడు. ఇద్దరూ కోతలు కోసుకుంటారు. జవాబు కోసం రెండేసి గంటలు ఆగలేక తాతారావు యంత్రాన్ని నిలదీశాడు.

"ఏమే ముసుగమ్మా, నీ బుర్రలో అరవై నాలుగు కోర్లుండి ఈ నత్తనడకేంటే?"

"ఆయ్, పొరలు విప్పే తాళాలన్నీ ఒక్క థ్రెడ్, అంటే ఒక్క పనివాడి చేతిలోనే పెట్టారు కదండీ. తక్కిన కోర్లన్నీ ఖాళీగా నిలబడి చూత్తన్నాయండి. నేతి గరిటె ఒక్కరే పట్టుకుంటే ఎంతమంది వడ్డించేవాళ్లుండి ఏం లాభమండి?"

"ముసుగమ్మా, ఆ ముక్క ఇంకోసారి గట్టిగా చెప్పు," అన్నాడు వెనక నుంచి గున్నేశ్వరరావు.

తాతారావు చెవులు ఎర్రబడ్డాయి. పంతం పట్టి, ఏ బాట తాళాలు ఆ బాటకిచ్చి, బాటకో థ్రెడ్డు పెట్టాడు. కోర్లన్నీ ఒక్కసారిగా వలవడం మొదలెట్టాయి. వెంటనే మిత్రుడికి రాశాడు: "ఇక్కడ బరువు తక్కువ కదా, నిన్న ఎగరేసి తిరగేసిన పెసరట్టు ఇంకా కిందికి రాలేదు. ఉప్మా పట్టుకుని కూర్చున్నాను."

మీట నొక్కాడో లేదో, వెనక కుర్చీ కిర్రుమనేలా నవ్వు!

తాతారావు గిరుక్కున తిరిగి, అంతలోనే ముందుకి తిరిగిపోయాడు. ఆ మిత్రుడు తోడల్లుడే! ముసుగు జారితే ఉన్న ఒక్క మిత్రుడూ పోతాడు.

"ఈ ఒక్క బాటకీ పాత ఆలస్యం పెట్టెయ్," అన్నాడు ముసుగమ్మతో గుసగుసగా.

"ఇంత కట్టపడి బాగుచేసి..."

"అడక్కు."

వెనకాయన భోజనానికి లేవలేదు. తెరనే చూస్తూ నిట్టూరుస్తున్నాడు. రెండు గంటలకి తాతారావు తెర వెలిగింది.

"నేను నవ్వగానే తిరిగావు, నా తెర మీద నీడలో చూశానులే తమ్ముడూ. ఆ పెసరట్టు కింద పడేలోపు నా బూరెలో నెయ్యి వేస్తావా లేదా?"

నవ్విన మరుక్షణమే పంపిన మాట, తను పెట్టించిన ఆలస్యంలో ఇరుక్కుంది! గరిటె మళ్లీ తన చేతిలోనే ఆగిపోయింది.

"అన్నయ్యా!" అంటూ తాతారావు లేచాడు.

"వచ్చావా," అన్నాడు గున్నేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ, "బూరె బెజ్జంలో పెట్టిన వేలు ఇంతవరకూ తియ్యలేదయ్యా."