రెండో కేటగిరీ

ఏన్కూరు దాటి అడవిలోకి పోతే గుండ్లవాగు మీద ఓ పాత కరెంటు డ్యామ్ ఉంది. అరవై ఏళ్ల నాటిది. ఏటా వానాకాలంలో దాన్ని పరీక్షించి, ఏ కేటగిరీయో రాయాలి. మొదటిదంటే ప్రమాదం, రిజర్వాయర్ ఖాళీ చేయాలి, కరెంటు ఆపాలి. రెండోదంటే చిన్నాచితకా రిపేర్లు. ఈ డ్యామ్‌కు ఎన్నడూ రెండోదే. రాసేది అసిస్టెంట్ ఇంజనీర్ సంగీత. డ్యామ్ కింది తండాలోనే పుట్టి, తండాకు కరెంటు రాకముందు కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుని చదువుకున్న పిల్ల.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం ఆమె టార్చి పట్టుకుని గ్యాలరీ మెట్ల దగ్గరికి వచ్చింది. గ్యాలరీ అంటే డ్యామ్ గోడ కడుపులోని సొరంగం. ఊట ఎంత కారుతోందో అక్కడే కొలవాలి. వాచ్‌మన్ దూలయ్య తాళం తీసి పక్కకు జరిగాడు.

"నేను లోపలికి రాను మేడం. జంపక్క ఉంటది."

సంగీత టార్చి వెలిగించుకుంది. రెండేళ్ల కింద సైరన్ మోగించకుండా గేట్లెత్తితే, వాగులో బట్టలుతుకుతున్న జంపక్క కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. సైరన్ మోగిందనీ, ఆమే వినిపించుకోలేదనీ పై ఆఫీసరు జయప్రకాశ్ చెప్పినట్టే రిపోర్టు రాసి, సంతకం పెట్టింది సంగీతే.

మెట్లు దిగుతుంటే వెలుతురు వెనకే ఉండిపోయింది. గబ్బిలాల కంపు, నాచు వాసన. అంత లోతున దూరదూరంగా గుడ్డి బల్బులు. గోడ అవతల నీళ్ల బరువు సన్నగా మూలుగుతున్నట్టుంది. పోయిన నెల పాదం కూడా తడవని చోట ఇప్పుడు మడమలు మునిగాయి. గోడలో వేలు పట్టేంత కొత్త పగులు. వంగి కొలుస్తుండగా బల్బులు ఆరిపోయాయి.

థప్... థప్...

రాయి మీద తడిబట్ట బాదుతున్న చప్పుడు. ఆమె టార్చి అటు తిప్పింది. ఎవరూ లేరు. చప్పుడు ఆగింది. మెడ మీద చల్లటి ఊపిరి...

"నీళ్లు ఇడుస్తున్రా, బిడ్డా?"

సంగీత గిర్రున వెనక్కి తిరిగితే గోడ ఒక్కటే కనిపించింది.

"చెప్పు బిడ్డా... నన్ను జరగమంటవా?"

టార్చి నీళ్లలో పడింది. చీకట్లో గోడ తడుముకుంటూ, మెట్ల మీద మోకాళ్లు చీరుకుంటూ పైకొచ్చి పడింది. దూలయ్య తాళం వేశాడు.

ఆఫీసు గదిలో కూర్చుని 'మొదటి కేటగిరీ' అని రాసి జయప్రకాశ్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు.

"చూడమ్మా, మొదటిదంటే హైదరాబాద్ దాకా తవ్వుతారు. పాత ఫైళ్లన్నీ తీస్తారు. సైరన్ మోగిందని సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"మరి ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఆమెకు పెద్దగా సమయం పట్టలేదు. 'మొదటి' కొట్టేసి 'రెండో' అని రాసింది. కొట్టేసిన గీత వంకరపోయింది. సంతకం మాత్రం చక్కగా వచ్చింది.

కనీసం తల్లినన్నా డ్యామ్ కింద నుంచి తీసుకుపోదామని పొద్దు గుంకకముందే స్కూటీ మీద తండాకు దిగింది. వాన పట్టుకుంది. ఒక్క ఇంట్లోనూ మనిషి లేడు. కోళ్లు కూడా లేవు. చివరింట్లో తల్లి సోమ్లి ఒక్కతే పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది.

"యాడీ, అందరేరి?"

"గుట్టెక్కిన్రు. తడిచీరతోటి ఎవరో ఆడామె వచ్చి, ఇంటింటికీ తిరిగి, జల్దీ పోండ్రని చెప్పిందంట."

"మరి నువ్వు పోలేదేంది?"

"నా బిడ్డ డ్యామ్ మీద ఇంజనీరు, ఏమన్నుంటే నాకు చెప్పదా అన్న." సోమ్లి రొట్టె తిప్పింది. "అయినా, ఆమె మనింట్లకు రానేలేదు. పక్కింటోళ్లు చూసిన్రంట. మన వాకిట్ల చానాసేపు నిలబడ్డదంట. పిలవలేదు... నవ్వుకుంట ఎల్లిపోయిందంట."