మూడో వాయి పచ్చడి

“మళ్ళీ ఎందుకు మొదలుపెట్టావు?” అంది ఆమె, వంటగది గుమ్మంలో నిలబడి.

“రంగు రాలేదు,” అన్నాడు అతను, తల తిప్పకుండానే.

“పచ్చడికి రంగేమిటి మహానుభావా? సమోసాలోకి నంజుకుంటావా, గోడకు పూస్తావా?”

అతను పెయింట్ల షాపులో రంగులు కలుపుతాడు. ఎవరైనా పాత కర్టెను ముక్క తెచ్చి చూపిస్తే చాలు, చుక్క చుక్కగా కలిపి అదే రంగును డబ్బాలోకి దించుతాడు. అందుకే ఆమె ఆ మాట నమ్మింది. నమ్మినందుకే ఒళ్ళు మండింది.

ఆమె ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన భుజాలనూ, మొండికేసిన మోకాళ్ళనూ బతిమాలి కదిలించే మనిషి. ఈ ఒక్క మనిషిని మాత్రం ఇన్నాళ్ళుగా అంగుళం కదిలించలేకపోయింది. వాన పడితే గొడుగంతా ఆమెవైపే వంచి తాను తడుస్తాడు. పెళ్ళి మాట వచ్చేసరికి దగ్గు తెచ్చుకుంటాడు.

నిన్న ఆమె తేల్చి చెప్పింది. “మా క్లినిక్ వాళ్ళు వేరే ఊళ్ళో బ్రాంచి పెడుతున్నారు. నన్ను వెళ్ళమంటున్నారు. రేపు సాయంత్రం మా సార్ ఫోన్ చేస్తారు, ఏదో ఒకటి చెప్పాలి. నువ్వు చెప్పాల్సిందేమైనా ఉంటే ఆలోపే చెప్పు.”

“రేపు మా ఇంటికి రా. అమ్మ సమోసాలు చేస్తుంది, పచ్చడి నేను చేస్తా. తింటూ మాట్లాడుకుందాం,” అన్నాడు.

వచ్చింది. సమోసాలు చల్లారిపోతున్నాయి. తినడమూ లేదు, మాట్లాడుకోవడమూ లేదు. మిక్సీ ఒక్కటే మాట్లాడుతోంది.

మొదటి వాయి నల్లబడింది. రెండోది పాచి రంగుకు తిరిగింది.

“వేడెక్కితే అంతేరా,” అంది అతని తల్లి పొయ్యి దగ్గర నుంచి. “కొత్తిమీర, పుదీనా లేత ప్రాణాలు. ఐసుముక్క వేసి, కాస్త తిప్పి ఆపి, కాస్త తిప్పి ఆపి చెయ్యాలి. నువ్వేమో పిండిమర నడిపినట్టు నడుపుతున్నావు.”

“సరేనమ్మా.”

“మీరే చెప్పండి ఆంటీ, ఈయనగారికి ఆకలి తెలీదా?”

“ఎందుకు తెలీదమ్మా! నోరు తెరిచి అడగడమే తెలీదు.” ఆవిడ మంట తగ్గించి, ఎవరూ చెప్పకుండానే ఒక కుర్చీ ఇటు జరిపింది. ఉదయం నుంచి పేషెంట్ల మధ్య నిలబడే ఉన్న కాళ్ళకు ఆ కుర్చీ ఎంత హాయో!

కూర్చుని పుదీనా వలవబోతే, “నీ గోళ్ళు పచ్చబడతాయి,” అని అతను కట్ట లాక్కున్నాడు.

“నా గోళ్ళ సంగతి సరే. టైం చూశావా?”

“చూశా. అందుకే…”

“అందుకే?”

అతను ఆకులు, పచ్చిమిర్చి, అల్లం ముక్క, ఐసు జార్‌లో వేసి, నిమ్మచెక్క పిండి, బటన్ నొక్కాడు.

“అందుకే ఏమిటని అడుగుతున్నా!” ఆమె అరుపు ఆ గోలలో కలిసిపోయింది.

మనిషి వీపు చూసి బాధ కనిపెట్టడం ఆమె పని. అతని భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి. దవడ ఆడుతోంది. గోడవైపు తిరిగి ఏదో అంటున్నాడు. పచ్చడికి మంత్రం కూడా వేస్తున్నాడా, ఖర్మ!

చేతిలో ఫోన్ మోగింది. సార్.

ఆమె లేచి నిలబడింది. “సరే. ఇక నేను చెప్పేస్తున్నా,” అంది అతని వీపుతో.

అప్పటికే సెగలు కక్కుతున్న మిక్సీ టక్కుమని దానంతట అదే ఆగిపోయింది. ఇంతసేపూ దాని మోత చాటున అరుస్తున్న అతని గొంతు మాత్రం ఆగలేదు.

“…నువ్వు ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ వస్తా! గోడల్లేని ఊరుంటుందా, అక్కడే రంగులు కలుపుకుంటా! ముందు నన్ను పెళ్ళి చేసుకో!”

మూకుడులో నూనె చిటపటలాడింది. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. మీసం మీద పుదీనా ఆకు.

“వినపడిందా?”

“వీధి చివర ఇస్త్రీ ఆయనకు కూడా వినపడి ఉంటుంది!”

“మొదటి వాయి నుంచీ ఇదే వరసమ్మా,” అంది తల్లి. “మిక్సీ వేస్తాడు, దానికి చెప్పుకుంటాడు. చెప్పేది పొడుగైపోయి పచ్చడి నల్లబడుతోంది.”

“అంటే రంగు కోసం కాదా?”

“ప్రాక్టీసు…” అని నసిగాడు.

“ఇంతసేపు నాకు బీపీ తెప్పించి, మిక్సీకి ప్రపోజ్ చేస్తున్నావా! ఏమంది, ఒప్పుకుందా?”

“అలిగి ఆగిపోయింది.”

ఫోన్ ఆగి మళ్ళీ మోగడం మొదలైంది.

“ఇప్పుడు చెప్పు. ఏ చప్పుడూ లేకుండా.”

అతనికి దగ్గు వచ్చింది. తల్లి మంచినీళ్ళ గ్లాసు అందించి, మళ్ళీ పొయ్యివైపు తిరిగిపోయింది.

“నీతో వస్తా,” అన్నాడు. “పెళ్ళి చేసుకుందాం.”

“ఇంత చిన్న మాటకా అన్ని కట్టల కొత్తిమీర తగలేశావు!” ఆమె కళ్ళు తుడుచుకుంది. పచ్చిమిర్చి ఘాటు అనుకుందామంటే, వాటిని ముట్టుకోనే లేదు. “ఆంటీ, మరి మీరు?”

“నాకేం తల్లీ! మీరు వెళ్ళి కుదురుకోండి. బుద్ధి పుట్టినప్పుడల్లా వచ్చిపడతా. పచ్చడి మాత్రం వాణ్ణి చెయ్యనివ్వను.”

ఆమె ఫోన్ ఎత్తింది. “హలో సార్… వస్తాను సార్. కాదు, ఒక్కదాన్నే కాదు…”

మాట్లాడుతూనే సమోసా తుంచి, సగం నలిగిన పచ్చడిలో ముంచి నోట్లో పెట్టుకుంది. ముఖం మాడ్చుకుని, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఉప్పెవరు వేస్తారు, మీ షాపు ఓనరా?”