ఫోన్‌లో బంద్ చేస్తే చాలా?

చిన్న మంగళారం ఊరు దాటాక కుడివైపు కనిపించే పాలీహౌస్‌లో జెర్బెరా పూలు పూస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తెల్లటి ప్లాస్టిక్ కింద నిలబడితే ఒళ్లు ఉడికిపోతుంది. గీతాంజలికి ఆ ఉక్క అలవాటే. అలవాటు లేనిదల్లా బోరు మోటారు స్టార్టర్ డబ్బా ముందు ఒంటరిగా నిలబడటం. ఆ పనులు మొగుడు నర్సింహ చూసుకునేవాడు. అతనేమో కాలు విరిగి చేవెళ్ల దవాఖానలో ఉన్నాడు. ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయారు, ఫోన్ ఎత్తే స్థితిలో లేడు.

పొద్దుటి నుంచి మోటారు నడవడం లేదు. ఫోన్‌లో బటన్ నొక్కితే డబ్బా టక్కుమంటుంది, అంతే. సాయంత్రంలోగా నీళ్లు అందకపోతే మొక్కలు తలలు వాలుస్తాయి, పెళ్లిళ్ల సీజన్ పంటంతా మట్టిపాలవుతుంది. మెకానిక్ రేపు వస్తానన్నాడు. ఇంక దిక్కుతోచక ఆమె 'మొబైల్ స్టార్టర్ సాయం' అనే వాట్సాప్ గ్రూపులో చేరి అడిగింది.

"నమస్తే అన్నా. నాకేం తెల్వదు. డబ్బా మూత తియ్యాలంటే ఫోన్ల బంద్ చేస్తే చాలా?"

సాయమని పేరు పెట్టుకున్నారు గానీ, కొత్తవాళ్లు కనబడితే కోడిపిల్ల దొరికిన గద్దంత సంబరం వాళ్లకు. ఒకడు నవ్వే బొమ్మలు పెట్టాడు. ఇంకొకడు "ఇది ఒకటో తరగతి కాదక్కా" అన్నాడు. అడ్మిన్ రంజిత్, మొయినాబాద్‌లో మోటార్ల షాపు ఉన్నవాడు, బెత్తం పట్టుకున్న మాస్టారు బొమ్మ పంపాడు. కొత్తగా చేరినవాళ్ల మొదటి ప్రశ్నకు ఆ బొమ్మే జవాబట, అక్కడి ఆనవాయితీ. అవునో కాదో చెప్పడానికి మాత్రం ఒక్కడికీ తీరిక లేదు. గీతాంజలికి ఉక్రోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు ఆమెకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పేరు బాలమల్లు, ఊరు ఎంకపల్లి.

"ఫికర్ జెయ్యకు చెల్లె. నేను చెప్త."

ఎంత ఓపిక ఆ మనిషికి! ఫోన్‌లో బంద్ చెయ్యమన్నాడు, చేసింది. ఏ స్క్రూడ్రైవర్ తీసుకోవాలో, ఏ మర ముందు తిప్పాలో ఒక్కొక్కటే చెప్పాడు.

"కాళ్లకు చెప్పులున్నయా?"

"ఉన్నయన్నా."

"ఇడిచెయ్. తడి మట్టిల జారుతయి."

విడిచింది. బురద అరికాళ్లకు చల్లగా అంటుకుంది. బయట మబ్బు కమ్మినట్టుంది, ప్లాస్టిక్ మీది వెలుగు బూడిద రంగుకు తిరిగింది. పూల మీంచి ఎక్కడిదో ఒక వాసన వచ్చింది. కాలిన వైరేమో అనుకుంది. కాదు... కాలిన వెంట్రుకల వాసన. డబ్బాలోంచి సన్నగా జుమ్మని చప్పుడు వస్తూనే ఉంది.

"అన్నా, ఇంకా చప్పుడొస్తుంది."

"అది గట్లనే ఉంటది. మెయిన్ స్విచ్ జోలికి పోకు. ఫోన్ల బంద్ జేసినవ్ గద. చాలు."

ఆఖరి మర ఊడింది. మూత లాగడమే మిగిలింది. కానీ గీతాంజలికి కడుపులో మంట చల్లారలేదు. వాళ్లను నాలుగు మాటలు అనకుండా ఉండలేక గ్రూపులో పెట్టింది.

"మీరందరు నవ్విన్రు. ఎంకపల్లి బాలమల్లన్న ఒక్కడే మనిషి. ఆయన చెప్పినట్లే మూత తీస్తున్న."

గ్రూపులో నవ్వే బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వెంటనే ఫోన్ మోగింది. రంజిత్.

"అక్కా... చెయ్యి పెట్టకు." గుసగుసలా ఉంది గొంతు.

"ఏమైంది?"

"బాలమల్లు లేడక్కా. పోయిన వానాకాలంల డబ్బా కాడనే సచ్చిపోయిండు. ఆయన గూడ గిదే అడిగిండు, ఫోన్ల బంద్ చేస్తే చాలా అని. చాలదు. మోటరు ఆగుతది గని డబ్బాలకు కరెంటు వస్తనే ఉంటది. మెయిన్ తియ్యాలె."

"మరి ఆయనకు గా ముచ్చట చెప్పలేదా?"

"'చాలు, ముట్టి చూడు' అని నేనే అన్న. తమాషకు."

గీతాంజలికి భయం కంటే అసహ్యమే ఎక్కువ వేసింది. ఒక్క మాట చెబితే బతికేవాడు, ఆ ఒక్క మాటతో ఆడుకున్నారు. ఆమె వెనక్కి వెనక్కి నడిచి బయటపడింది. బయటి షెడ్డు గోడకున్న మెయిన్‌ను ఎండుకట్టెతో కిందికి కొట్టింది. జుమ్మనే చప్పుడు ఆగిపోయింది. గట్టు మీద కూలబడి, బతికిపోయానురా దేవుడా అనుకుంది.

ఫోన్ టింగుమంది. గ్రూపులో ఎవరో కొత్తగా చేరారు. సుగుణమ్మ. అదే ప్రశ్న.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. బాలమల్లు పేరు వినగానే ఎవరి ప్రాణం వాళ్లకు తీపయింది కాబోలు. గీతాంజలే గబగబా కొట్టింది.

"అమ్మా ముట్టకు! మెయిన్ తియ్యి!"

ఒక్క టిక్కే పడింది, అవతలికి చేరలేదు. మళ్లీ పంపింది. ఒక్క టిక్కే. సుగుణమ్మకు ఫోన్ చేసింది... కలవలేదు. రంజిత్‌కు చేసింది... కలవలేదు. ఇంతలో సుగుణమ్మ దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది.

"సల్లగుండు బిడ్డా గీతాంజలి. గీ గ్రూపుల నువ్వొక్కదానివే మనిషివి. నువ్వు చెప్పినట్లే ఫోన్ల బంద్ జేసిన. చెప్పులిడిచిన. ఇగ మూత తియ్యాల్నా?"

అవి బాలమల్లు చెప్పిన మాటలు, తను చెప్పినవి కావు. గీతాంజలి చేతిలోంచి ఫోన్ జారి బురదలో పడింది, తెర పైకి. తీయడానికి ధైర్యం చాలలేదు. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని అట్లాగే వంగి చూసింది.

గ్రూపు పేరు కింద పచ్చటి అక్షరాలు వెలిగాయి.

గీతాంజలి టైప్ చేస్తున్నారు...