అమ్మ కూనిరాగం బొంత

ప్రదర్శన హాలు నిండా బొంతలే. గోడలకి పటాల్లా వేలాడదీసి, ఒక్కోదాని పక్కన చిన్న స్పీకరు పెట్టారు. ఏ పాటకి తగ్గట్టు ఆ బొంత కుట్టారో ఆ పాట అందులోంచి సన్నగా వినిపిస్తుంది. మధ్యాహ్నమంతా జనం బాగానే వచ్చారు. ఎక్కువమంది ఆగింది చివరి గోడ దగ్గర. అక్కడున్నది మా అక్క బొంత. కాదు, మా అమ్మ బొంత.

మంచం పట్టిన అమ్మకి అన్నీ చేసింది నేను. అక్క ఎప్పుడైనా చుట్టపుచూపుగా వచ్చి వెళ్లేది. అయినా అమ్మ ఎదురుచూపులన్నీ తనకోసమే.

పాత గుడ్డముక్కలు ఒళ్లో వేసుకుని, కూనిరాగం తీస్తూ తెల్లదారంతో కుట్టేది అమ్మ. రాగానికి తగ్గట్టే సూది నడిచేది. ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట కాస్త జాగా వదిలి మళ్లీ మొదలెట్టేది. అంచు మిగిలుండగానే పోయింది. ఆ అంచుని అక్క ఎక్కడా జాగా వదలకుండా గబగబా కుట్టేసి, కింద చీటీ మీద తన పేరొక్కటే వేసుకుంది.

"అమ్మ పేరు కూడా రాయక్కా" అన్నాను జనం పల్చబడ్డాక.

"గుడ్డలు అమ్మవే. ఆలోచన నాది" అంది, అటు ఎవరినో చూసి నవ్వుతూ.

కడుపు మండిపోయింది. భుజాల మీది నీలం శాలువా బిగించి చుట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మా, నువ్వైనా చూస్తున్నావా అనుకున్నాను.

మూసేవేళకి కాపలాదారు స్పీకర్లన్నీ కట్టేసి బయటి తలుపులు వెయ్యడానికి వెళ్లాడు. పాటలు ఆగిపోయాయి. మా బొంత దగ్గర అమ్మ కూనిరాగం ఒక్కటి మాత్రం ఆగలేదు. నొప్పుల తైలం వాసన వచ్చింది... నేను రోజూ అమ్మ ఒంటికి రాసిందే.

అక్క విసుక్కుంటూ స్పీకరు తీగ పీకేసింది. అయినా ఆగలేదు. దగ్గరికెళ్లి విందామని బొంత అంచు పట్టుకుంది. ఆ చెయ్యి మళ్లీ వెనక్కి రాలేదు.

అక్క కుర్తా చెయ్యి బొంతకి కుట్టుకుపోయింది. నేను చూస్తుండగానే ఇంకో కుట్టు పడింది. ఇంకోటి... సూది లేదు. కుట్టే మనిషి లేదు. దారం ఒక్కటే మోచేతి దాకా పాకుతోంది. ఎక్కడా జాగా వదలడం లేదు. రాగం కూడా ఊపిరికి ఆగడం లేదు. అక్కకి ఊపిరి అందడం లేదు.

"రాస్తానమ్మా..." అంది గుసగుసగా.

ఎడంచేత్తో పెన్ను అందుకుని, చీటీ మీద అమ్మ పేరు వంకరటింకరగా గీకింది. హమ్మయ్య అనుకున్నాను. న్యాయం జరిగింది. ఇక ఆగుతుంది.

ఆగలేదు.

అక్క సంచిలోంచి కత్తెర తీసి దారం పట్టుకున్నాను. నీలం దారం. అమ్మ ఎప్పుడూ తెల్లదారం తప్ప వాడి ఎరగదు. తలొంచి చూసుకున్నాను. నా శాలువా అంచు జానెడు మేర ఊడిపోయి ఉంది.

"అమ్మ కాదే..." అక్క కళ్లు నా మీదే ఉన్నాయి. "నువ్వు... ఆపవే..."

దారం కత్తిరించి, శాలువా తీసి దూరంగా విసిరేశాను. ఆపాలనే ఉంది. కానీ చీటీ మీద అమ్మ పేరు పైన తన పేరు అలాగే ఉంది. నా పేరు ఎవరికీ గుర్తు రాలేదు. కడుపులో మంట ఇంకా చల్లారలేదు.

నేలమీద పడ్డ శాలువా మెల్లగా ఊడుతూనే ఉంది.